కుడి చెంప మీద పులిపిరి

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకి, రూసె పట్టణంలో రేవు వెనక వీధిలో, బోజిల్ చనిపోయినట్టు అతని తలుపు మీద చావు కాగితం అంటించి ఉంది. ఆ సమయానికి బోజిల్ తలుపు లోపల కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

పక్కింటి త్సోనా అవ్వ పెరుగు తెచ్చుకుందామని బయటికొచ్చి ఆ కాగితం చదివింది. మూడుసార్లు శిలువ గీసుకుంది. కొంగులాంటి తలగుడ్డతో కళ్ళు ఒత్తుకుంది. అంతలో కిటికీలోంచి దగ్గు వినబడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"బోజిలూ! ఒరే, నువ్వు పోయావటగా!"

"ఎప్పుడు?"

"ఎప్పుడో రాయలేదు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి ఇంటి దగ్గర్నుంచే ఎత్తుతారట."

బోజిల్ చెప్పులీడ్చుకుంటూ వచ్చాడు. నల్ల అంచు, పైన శిలువ, కింద పేరు, వయసు అరవై రెండు, ఇంటి నంబరు, గంట. నడుమ ఫోటో. దాన్ని తల అటూ ఇటూ వంచి చూశాడు.

"తప్పు వేశారు. నా పులిపిరి ఎడమ చెంప మీద కదా. ఇక్కడ కుడి చెంపకి పోయింది."

"పోయినవాడికి పులిపిరి ఏ పక్కనుంటే ఏమిట్రా?"

"నేనింకా పోలేదవ్వా!"

"కాగితం పడ్డాక ఎంతసేపులే," అంటూ అవ్వ నిట్టూర్చింది. అందులో ఎగతాళి లేదు. ఆ ఊళ్ళో కాగితం అబద్ధం చెప్పడం ఆమె ఎనభై ఏళ్ళలో ఎన్నడూ చూడలేదు.

బోజిల్ లోపలికెళ్ళి తలుపు గడియ పెట్టి, ఎవరికీ చూపించని ఒక నంబరుకి ఫోన్ చేశాడు.

"బానిత్సా వేడిగా ఉందా?"

"వేడిగానే ఉంది. వెన్నే తక్కువైంది," అని సరైన జవాబు వచ్చింది.

"అయితే వినండి. నన్ను చంపేశారు."

* * *

ఇరవై నిమిషాల్లో ఏజెంట్ ఒగ్న్యాన్ వచ్చాడు. నెత్తిన నీళ్ళ మీటర్లు చూసేవాడి టోపీ, చంకలో ముతక అట్ట పుస్తకం. అదంతా వేషం. చొక్కా జేబులో సబ్బుబిళ్ళంత డిజిటల్ కెమెరా. అది వేషం కాదు, వ్యసనం.

గూఢచారి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కెమెరాలు వేరే ఉన్నాయి, పెన్నులో ఒకటి, గుండీలో ఒకటి. వాటితో తీస్తే మనిషీ మసకే, గోడా మసకే. ఇది అతని సొంతం. చూడబోతే పిల్లల ఆటవస్తువులా ఉంటుంది. దానితో తీసిన ఫోటో కంప్యూటర్లో తెరిచి, పెంచి, మళ్ళీ పెంచి చూడాలి, అప్పుడు తెలుస్తుంది దాని పస. తేనెటీగ కాలికి అంటుకున్న పుప్పొడి పలుకులు. పాత తలుపులో తుప్పు పట్టిన మేకు, దాని చుట్టూ ఎప్పుడో జారిన వానచుక్క వదిలిన వలయం. బజారులో మిరపకాయ మీద మెరిసే వెలుగు, ఆ వెలుగులో అమ్మేవాడి టోపీ. మామూలు కంటితో చూసినప్పుడు అవేవీ లేవు. గోరంత అద్దంలోంచి ఇంత లోకం ఎలా దూరి వచ్చిందా అని ఒగ్న్యాన్ ఆదివారాలు పొద్దుట కూర్చుంటే మళ్ళీ ఆకలేసేదాకా లేచేవాడు కాదు. నలభై ఒక్క ఏళ్ళ మనిషికి అంతకంటే సుఖం మరొకటి దొరకలేదు.

మీటరు చూసినట్టు నటిస్తూ చావు కాగితానికి ఒక ఫోటో తీశాడు. బోజిల్ పక్కనే నిలబడి చెప్పాడు.

"పులిపిరి తప్పు పక్కనుంది, రాసుకో."

"అచ్చులో తిరగబడి ఉంటుంది మామా."

"అక్షరాలు తిరగబడలేదుగా?"

ఒగ్న్యాన్ నవ్వేసి వచ్చేశాడు. ఆ నవ్వు గంటసేపు కూడా నిలవలేదు.

* * *

డిపార్ట్‌మెంట్ అంటే జున్ను పెట్టిన పొరల రొట్టెలు, బానిత్సాలు, కాల్చే కొట్టు మీద మూడు గదులు. మెట్ల నిండా వెన్న వాసన. నడిమి గదిలో కల్నల్ కరజోవ్ నిలబడి ఉన్నాడు. బట్టతల, బొంగురు గొంతు, కోపమొస్తే గొంతు పెంచడానికి బదులు తగ్గించే మనిషి. మూల కుర్చీలో ఆర్కైవ్ చూసుకునే స్టామెనా ఒళ్ళో అల్లిక పెట్టుకుని కూర్చుంది. ఒగ్న్యాన్ కెమెరాని కంప్యూటర్‌కి తగిలించాడు.

"ఈ ఏడాది ఇది మూడోది," కల్నల్ మొదలుపెట్టాడు. "మార్చిలో ఒకటి, మేలో ఒకటి. రెండుసార్లూ మనం కాగితం చదివేసరికి మనిషి నిజంగానే పోయాడు. పరాయి దేశపు ముఠా. హంతకుడు ఓడ దిగుతాడు. వాడికి ఫోన్ రాదు, ఉత్తరం రాదు, ఎవడూ కలవడు. వీధుల్లో నడుస్తూ తలుపుల మీదా స్తంభాల మీదా చావు కాగితాలు చదువుకుంటాడు. మనమంతా చేసేదదేగా, ఎవడికి అనుమానం? ముఖం, ఇల్లు, గంట. ఆర్డర్ అందినట్టే."

"వాడికి తన కాగితమేదో ఎలా తెలుస్తుంది సార్?"

"అన్నిటికీ కింద 'దుఃఖంలో ఉన్న కుటుంబం' అని ఉంటుంది. వీటికుండదు. సోమవారం రాజధాని సోఫియాలో జడ్జి ముందు బోజిల్ నోరు విప్పాలి. ఏ పడవ అడుగున ఏ ఆయుధాల సామాను దాచారో పేర్లతో సహా చెప్పగలిగినవాడు, వాళ్ళ పడవలు బాగుచేసే ఆ మెకానిక్ ఒక్కడే. ఇవాళ రెండింటికి వాడు చస్తే మన మూడేళ్ళ పని కూడా చస్తుంది."

కల్నల్ గొంతు తగ్గింది.

"ఇప్పుడు చెప్పండి. బోజిల్ మనవాడని వాళ్ళకెలా తెలిసింది? వాడి ఇప్పటి ఫోటో ఈ భూమ్మీద ఒక్కచోటే ఉంది, మన ఆర్కైవ్‌లో. తాళాలు ఎవరి దగ్గరున్నాయి స్టామెనా?"

"నా దగ్గరే. ముప్పై ఏళ్ళుగా."

"టేబుల్ మీద పెట్టు."

అల్లిక సూదులు ఆగిపోయాయి. స్టామెనా మెళ్ళో తాడు తీసి, దానికున్న మూడు తాళంచెవులూ టేబుల్ మీద పెట్టింది. గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది.

సరిగ్గా అప్పుడే ఒగ్న్యాన్ తెర మీద ఫోటోని పెంచుతున్నాడు, అలవాటు కొద్దీ. బోజిల్ కళ్ళు. కనుబొమలు. నుదురు. నుదుటి మీద అడ్డంగా ఒక సన్నని గీత, చివర గాలంలా వంకర తిరిగింది. అది ముడత కాదు. జుట్టు మీద మొదలై నుదురు దాటి వెనక గోడ మీదికి కూడా పోయింది. ముడత గోడ మీదికి పోదు.

అతని చెవులు వేడెక్కాయి. ఆ గీత అతనికి తెలుసు. ఆ వంకరతో సహా తెలుసు.

మూడు వారాల కింద, చౌకులో మిఠాయి కొట్టు. పక్కన బోజిల్. టేబుల్ మీద అక్రోటు కేకు, దాని వెనక కాగితపు రుమాళ్ళు పెట్టే నికెల్ స్టాండు, అద్దంలా తళతళలాడేది, మీద గాలంలాంటి గీత. మనిషిని కలిసే చోట ఫోటో తీయకూడదన్నది మొదటి రూలు. ఒగ్న్యాన్ మనిషిని తీయలేదు, కేకుని తీశాడు. కిటికీ వెలుగు పంచదార పలుకుల మీద పడి ఒక్కొక్క పలుకుకీ నీడ లేచింది. చెయ్యి ఊరుకోలేదు. స్టాండులో బోజిల్ ముఖం ఉందని అప్పుడు చూడలేదు. అద్దంలో ముఖం. కుడి ఎడమవుతుంది. ఎడమ చెంప పులిపిరి కుడి చెంపకి వెళుతుంది.

ఆ ఫోటో అసలు ఫైల్ అతను ఒక్కరికే పంపాడు.

నెవెనాకి.

ముఠా నడిపే షిప్పింగ్ ఆఫీసులో దుబాసీ నెవెనా. నవ్వితే పక్క టేబుల్ వాళ్ళు కూడా తిరిగి చూసేంత అందగత్తె. రెండేళ్ళుగా అక్కడి కబుర్లు ఇక్కడికి మోస్తోంది, డిపార్ట్‌మెంట్ ఆమెని తన మనిషే అనుకుంటోంది. ఆ కబుర్లు అందుకునేది ఒగ్న్యాన్. బోజిల్ సంగతి మాత్రం ఆమెకి తెలియకూడదు. ఒగ్న్యాన్ చెప్పనూ లేదు. ఆమె అడిగింది కేకు గురించి.

"చిన్నది చేసి పంపితే ఎలా చూసేది? పంచదార కాస్తా ఉప్పైపోయింది. అసలు ఫైల్ పంపు. నీ ఫోటో చూడ్డమంటే భూతద్దంతో ఊరు తిరిగినట్టుంటుంది నాకు," అంది.

ఊళ్ళో ఒక్క మనిషైనా అలా చూస్తానన్నది అదే మొదలు. ఒగ్న్యాన్ అదే నిమిషంలో పంపేశాడు. పైగా ఒక వాక్యం కూడా రాశాడు: స్టాండు మీది గీత చూడు, దాని అంచు కూడా ఎంత స్పష్టంగా వచ్చిందో.

ఇప్పుడు గదిలో వెన్న వాసన, గడియారం చప్పుడు, స్టామెనా తాళాలు. ఈ గీత ఇంకెవరికీ తెలియదు. నోరు మూసుకుంటే చాలు. ఒగ్న్యాన్ మూసుకున్నాడు. కల్నల్ స్టామెనాని అడుగుతున్నాడు, నీ మేనల్లుడు రేవులో పని చేస్తాడు కదా, ఇంటికి ఫైళ్ళు తీసుకెళ్ళావా, ఎవరైనా బెదిరించారా అని. ఆమె ప్రతిదానికీ లేదు, లేదు అంటోంది. ఒగ్న్యాన్ తెర మీద ఫోటోని మెల్లగా చిన్నది చేశాడు. గీత కనబడకుండా పోయింది. పోయినందుకు లోపల ఎక్కడో ప్రాణం హాయిగా ఊపిరి తీసుకుంది. చూపు టేబుల్ మీది తాళాల వైపు పోయింది.

మళ్ళీ పెద్దది చేశాడు.

"సార్, ఆమె కాదు. నేను."

చెప్పాడు. కేకు, స్టాండు, గీత, నెవెనా, అన్నీ. చెబుతున్నంతసేపూ చూపు కీబోర్డు మీదే ఉంది. కీబోర్డు సందుల్లో బానిత్సా పొట్టు ఉంది. ఇంత అవమానంలో కూడా కళ్ళు ఆ పొట్టు పొరలు లెక్కపెడుతున్నాయని తెలిసి ఇంకా సిగ్గేసింది.

స్టామెనా అల్లిక పక్కన పెట్టి అడిగింది.

"కేకు బాగుందా?"

"ఏమిటక్కా?"

"అక్రోటు కేకు. బాగుందా అంటున్నా."

"తినలేదక్కా. ఫోటోలు తీసేసరికి టైమైపోయింది."

"ఓరి నాయనోయ్," అంది స్టామెనా. తాళాలు తీసి మళ్ళీ మెళ్ళో వేసుకుంది. "ఏడు నిమిషాలు. నేను తాళాలు పెట్టిన దగ్గర్నుంచి నువ్వు నోరు తెరిచేదాకా ఏడు నిమిషాలు. గడియారం చూస్తూనే ఉన్నాను తమ్ముడూ."

కల్నల్ గొంతు ఇప్పుడు దాదాపు గుసగుసలా ఉంది. "నీ సంగతి సోమవారం తర్వాత. ఇవాళ నువ్వు నాకు పనికొస్తావు. ఫోన్ తియ్. నెవెనాకి చెయ్. ఆ కేకు ముందు కూర్చున్న పెద్దాయన తన చావు కాగితం తనే చదివి గుండాగి పోయాడని చెప్పు. ఏడువు. ఏడవడం వచ్చా?"

"ఇప్పుడైతే వచ్చు సార్."

వచ్చింది. నటించాల్సిన అవసరం కూడా రాలేదు.

"అయ్యో ఒగ్న్యాన్! నువ్వొక్కడివే ఉండకు. నేనొస్తాను, పూలు తెస్తాను," అంది నెవెనా గొంతు.

* * *

మధ్యాహ్నం ఒంటిగంటకి బోజిల్ తన ముందు గదిలో శవపేటికలో పడుకుని ఉన్నాడు. పెళ్ళినాటి కోటు, తల కింద తెల్లటి దిండు, చేతుల మధ్య కొవ్వొత్తి. అతనే పట్టుబట్టాడు. ఇవాళ పారిపోతే రేపు ఇంకో కాగితం పడుతుంది, రోజుకోసారి చచ్చే ఓపిక నాకు లేదు అన్నాడు.

కల్నల్ ఆలోచన సులువైనదే. చావింటికి ఊళ్ళోవాళ్ళంతా వస్తారు, తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ. హంతకుడు కూడా వస్తాడు, మనిషి నిజంగా పోయాడా లేదా చూసుకోవాలి కదా. వాడి ముఖం ఎవరికీ తెలియదు. కానీ చావింట్లో గుమ్మం దగ్గర ఉడకబెట్టిన గోధుమలు పెడతారు, పంచదార, అక్రోటు పొడి కలిపి. అవి పుచ్చుకున్నవాళ్ళు అనాల్సిన మాట ఒక్కటే: దేవుడు క్షమించుగాక. ఇంకేమీ అనకూడదు. అది ఏ స్కూల్లోనూ నేర్పరు, ఏ పుస్తకంలోనూ ఉండదు. చిన్నప్పుడు అమ్మ వీపు మీద ఒకటి వేస్తే వస్తుంది.

గోధుమల గిన్నె దగ్గర త్సోనా అవ్వని కూర్చోబెట్టారు. నెవెనాని తాకవద్దు, ఆమె వెంట వచ్చేవాణ్ణి పట్టుకున్నాకే ఆమె సంగతి అన్నాడు కల్నల్. తను మాత్రం నల్ల అంగీ, అంటించిన గడ్డంతో చర్చి పాదిరి వేషం వేశాడు. పాత కమ్యూనిస్టు రోజుల్లో పైకొచ్చిన ఆఫీసరు, చర్చిలో అడుగుపెట్టినవాడు కాదు, ఒక్క ప్రార్థనా రాదు. ధూపం ఊపుతూ గడ్డంలో సన్నగా కూనిరాగం తీస్తున్నాడు.

"సార్, అది సైన్యం పాట," ఒగ్న్యాన్ గొణిగాడు.

"నెమ్మదిగా పాడితే తెలియదులే. నువ్వు గుమ్మం దగ్గర నిలబడి వచ్చిన ప్రతివాణ్ణీ ఫోటో తీయ్. ఆ దిక్కుమాలిన కెమెరాతోనే. పోగొట్టింది అదేగా, తెచ్చిపెట్టేదేదో కూడా అదే తెస్తుందేమో."

ఒగ్న్యాన్ పేటిక దగ్గరికి వెళ్ళి దిండు సర్దాడు. బోజిల్ పెదవి కదపకుండా అడిగాడు.

"ఏరా, పులిపిరి ఎందుకు తిరగబడిందో కనుక్కున్నారా?"

చెప్పాలి. ఇదే సమయం. మనిషి తన తప్పు వల్లే పెట్టెలో పడుకున్నాడు.

"కనుక్కుంటున్నాం మామా," అన్నాడు ఒగ్న్యాన్. ఈ పొద్దుటి నుంచి ఇది రెండో పిరికితనం. మొదటిదాన్ని గడియారం లెక్కపెట్టింది, దీన్ని లెక్కపెట్టేవాళ్ళు లేరు, అందుకే ఎక్కువ బరువుగా ఉంది.

జనం రావడం మొదలైంది. వచ్చిన పంతొమ్మిది మందిలో పన్నెండు మంది డిపార్ట్‌మెంట్ వాళ్ళే. మిగతావాళ్ళు నిజంగా ఏడవడానికి వచ్చిన వీధివాళ్ళు. అవ్వ ఒక్కొక్కరికీ కాగితపు కప్పులో గోధుమలు పెడుతోంది.

"దేవుడు క్షమించుగాక."

"దేవుడు క్షమించుగాక అవ్వా."

ఒంటిగంటా నలభైకి నెవెనా వచ్చింది. నల్ల గౌను, తలకి నల్లటి పల్చని ముసుగు, చేతిలో ఎర్ర కార్నేషన్ పూల గుత్తి. ఒగ్న్యాన్ ఆమెకీ ఫోటో తీశాడు. చెయ్యి వణికితే పాడైపోతుందని ఊపిరి బిగబట్టి తీశాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది.

"పాపం, ఎంత వాడిపోయావు!"

అవ్వ దగ్గర కప్పు పుచ్చుకుని, "దేవుడు క్షమించుగాక," అంది తలొంచి. ఈ గడ్డ మీద పుట్టిన పిల్ల. తప్పు పోతుందా?

ఆమె వెనకే రెండు నిమిషాలకి ఒక ఎత్తైన మనిషి వచ్చాడు. సిలిస్ట్రా ఊరి నుంచి వచ్చానన్నాడు, బోజిల్‌కి మేనమామ కొడుకునన్నాడు. మాట నిక్షేపంలా ఉంది, యాస కూడా అచ్చం అక్కడిదే. అవ్వ కప్పు అందించింది.

"చాలా థాంక్స్ అవ్వా," అన్నాడు.

అవ్వ గరిటె ఆగిపోయింది.

"చావింట్లో థాంక్స్ ఏమిట్రా? ఎవడి చావుకి థాంక్స్? ఏ తల్లి కన్నదిరా నిన్ను?"

అంతే. ఏడుస్తున్న నలుగురు మగాళ్ళు కళ్ళు తుడుచుకుని, అతన్ని ఓదారుస్తున్నట్టు చుట్టూ చేరి రెక్కలు పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయారు. కోటు లోపల చప్పుడు రాని పిస్తోలు దొరికింది. అలికిడి కూడా కాలేదు. కల్నల్ కూనిరాగం ఒక్కసారి హుషారెక్కింది.

"అయిపోయింది," ధూపం ఊపుతూ ఒగ్న్యాన్ చెవిలో అన్నాడు. "ఆమెని పూలు పెట్టనీ. బయటికి వచ్చాక మెల్లగా కారెక్కిద్దాం. జనంలో గోల వద్దు."

ఒంటిగంటా యాభై రెండు. నెవెనా కళ్ళు ఒత్తుకుంటూ పేటిక వైపు వరసలో నిలబడింది. ఆమెకి ముందు ఇద్దరున్నారు.

ఒగ్న్యాన్ గోడకి ఆనుకున్నాడు. ఒంట్లో బిగువు సడలింది. చేతులకి ఏం చేయాలో తోచలేదు. చేతులకి తోచకపోతే అవి చేసే పని ఒక్కటే, కెమెరా తీసి ఫోటోలు చూడటం. చావింట్లో, అందునా తన వల్ల చావు కాగితం పడ్డ ఇంట్లో. ఛీ అనుకున్నాడు. అనుకుంటూనే మీట నొక్కాడు. నెవెనా ఫోటో వచ్చింది. పెంచాడు. ముసుగు మీద దారపు కుట్లు. చెవిపోగు మీద కిటికీ. ఇంకా పెంచి పూల దగ్గరికి జరిపాడు. కార్నేషన్ రేకుల అంచులు రంపపు పళ్ళలా చిట్లి ఉన్నాయి, ఒక్కొక్క పన్నూ విడివిడిగా, మొదట్లో గులాబీ రంగు, కొసన ముదురు ఎరుపు. అబ్బ, ఎంత బాగా వచ్చిందో అనుకున్నాడు. ఒక పువ్వు, రెండు, మూడు.

ఎనిమిది.

తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాడు. తొమ్మిదే.

చచ్చినవాడికి సరిసంఖ్య, బతికినవాడికి బేసి. చావుకి అని చెబితే ఈ ఊళ్ళో పూలమ్మే ఏ ఆడమనిషీ తొమ్మిది కట్టదు. చేతులు వాటంతటవే ఎనిమిది దగ్గర ఆగిపోతాయి. తొమ్మిదోది కొట్లో కట్టింది కాదు.

వేలితో జరిపాడు. తొమ్మిదో పువ్వు రేకులకి రంపపు పళ్ళు లేవు. అంచు నున్నగా కత్తిరించినట్టుంది. రేకు మీద అడ్డంగా నిలువుగా సన్నని నేత పోగులు. పట్టుగుడ్డ. నడుమ, పుప్పొడి ఉండాల్సిన చోట, తళుక్కుమనే ఒక చుక్క.

సూది.

చచ్చినవాడికి విషపు సూది గుచ్చితే పోయేదేమీ లేదు. బతికి ఉంటే పోతాడు. చూసిరమ్మని పంపింది ఆ ఎత్తైనవాణ్ణి కాదు, ఈమెని. వాడు పట్టుబడటానికే వచ్చాడు, అందరూ ఊపిరి పీల్చుకోవడానికి.

తలెత్తాడు. నెవెనా పేటిక మీదికి వంగి ఉంది. పూల గుత్తి బోజిల్ మెడ దగ్గరికి దిగుతోంది. మధ్యలో పదకొండు మంది. అరిస్తే ఆమె చెయ్యి ఇంకా తొందరపడుతుంది.

ఒగ్న్యాన్ జనాన్ని తోసుకుంటూ మూడంగల్లో వెళ్ళి, ఆమె తల తిప్పిన క్షణంలో, మూరెడు దూరంలోంచి ముఖం మీద ఫ్లాష్ కొట్టాడు.

తెల్లటి వెలుగు. నెవెనా కళ్ళు మూసుకుపోయాయి, చెయ్యి తడబడింది. అదే వెలుగుకి పేటికలో బోజిల్ కళ్ళు తెరిచాడు. నలభై ఏళ్ళు పడవ ఇంజన్ల నట్లు బిగించిన చెయ్యి కొవ్వొత్తి వదిలేసి ఆమె మణికట్టు పట్టుకుంది. పట్టు పువ్వు దిండులో దిగింది. తెల్లటి దిండు మీద పచ్చటి మరక మెల్లగా విచ్చుకుంది, బోజిల్ చెవికి రెండు వేళ్ళ దూరంలో.

నిజంగా ఏడవడానికి వచ్చిన ఏడుగురిలో ముగ్గురు నిజంగానే మూర్ఛపోయారు. త్సోనా అవ్వ మాత్రం కదల్లేదు. "నేనప్పుడే చూశాను తొమ్మిదని," అంది. "నన్నెవరడిగారు?"

* * *

బేడీలు వేశాక నెవెనా ఒగ్న్యాన్ వైపు తిరిగింది. కళ్ళు ఇంకా చికిలిస్తోంది.

"ఎలా తెలిసింది?"

"తొమ్మిదున్నాయి. తొమ్మిదోదానికి నేత కనబడింది."

ఆమె నవ్వింది. ఆ పాత నవ్వే. "పెంచి చూశావన్నమాట. ఒకటి చెప్పనా? నీకు అన్నీ అబద్ధాలే చెప్పాను. ఫోటోలు బాగుంటాయన్నది మాత్రం అబద్ధం కాదు."

ఒగ్న్యాన్‌కి సంతోషం కలిగింది. అర క్షణం, అంతే. కానీ కలిగింది. మనిషిని చంపబోయిన నోటి నుంచి మెచ్చుకోలు విని మనసు ఉబ్బింది. ఆ రోజు సిగ్గుపడ్డ వాటన్నిటిలోకీ దాన్నే అతను చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

వంటింట్లో బోజిల్ పెళ్ళి కోటుతోనే కూర్చుని తన గోధుమలు తను తింటున్నాడు. ఒగ్న్యాన్ ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి గడియారం చూడలేదు.

"మామా. పులిపిరి ఎందుకు తిరగబడిందంటే..."

అంతా చెప్పాడు. స్టాండు సంగతి, పంచదార పలుకుల సంగతి, ఇందాక దిండు సర్దుతూ దాచిన సంగతి కూడా. బోజిల్ నమలడం ఆపకుండా విన్నాడు. తర్వాత చెయ్యి చాపి కెమెరా అడిగాడు. ఫ్లాష్ కొట్టిన ఫోటోలో, పేటికలో ఉన్న తన ముఖం చూసుకున్నాడు. మొరటు వేలితో పెంచాడు, ఇంకా పెంచాడు.

"ముక్కులో వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు కదరా!"

"అవును మామా."

"దీని కోసమా నన్ను చంపించబోయావు?"

ఒగ్న్యాన్ తల దించుకున్నాడు. బోజిల్ కెమెరా తిరిగి ఇచ్చి, ఒక కప్పు గోధుమలు అతని చేతిలో పెట్టాడు. పుచ్చుకున్నాక ఏదో అనాలి. చచ్చినవాడి గోధుమలకి మాట ఉంది. చచ్చినవాడే స్వయంగా పెడితే అనాల్సిన మాట ఈ ఊళ్ళో ఎవరూ నేర్పలేదు.

"క్షమించు," అన్నాడు ఒగ్న్యాన్.

"అది దేవుడి పనిరా," అన్నాడు బోజిల్. "నేను పోయాక కనుక్కుని చెబుతాను. తిను. దీన్నైనా ఫోటో తీయకుండా తిను."

సోమవారం బోజిల్ సోఫియా వెళ్ళి పడవల పేర్లన్నీ చెప్పి వచ్చాడు. ఒగ్న్యాన్ కెమెరా స్టామెనా ఆర్కైవ్‌లోకి వెళ్ళింది, మూడు తాళాల వెనక. దొంగ కాగితాన్ని అలా వదిలేయడమెందుకని కల్నల్ తలుపు మీది చావు కాగితం పీకించబోతే త్సోనా అవ్వ చీపురు పట్టుకుని అడ్డం నిలబడింది. ఆ ఊళ్ళో ఒకసారి అంటించిన చావు కాగితాన్ని మనిషి చింపకూడదు. వానే నాని నాని ఊడగొట్టాలి.

రోజూ పనికి పోయే దారిలో ఒగ్న్యాన్‌కి ఆ తలుపు ఎదురవుతుంది. తలుపు మీద కుడి చెంపన పులిపిరి, నుదుటి మీద గాలంలాంటి గీత. తలుపు ముందు స్టూలు మీద ఎడమ చెంపన పులిపిరితో బోజిల్, టోపీ ఎత్తి పలకరిస్తూ.

ఆ ఏడు రూసెలో నవంబరు దాకా వాన పడలేదు.